వెనకాల నడిచే మనిషి కావలెను

గేటు బాబాయి పోయాడన్న కబురు నాకు దుకాణంలో తెలిసింది. మంగళవారం పొద్దున, అప్పుడే షట్టరు ఎత్తి, కాలేజీ అమ్మాయి ఒకామె ఇచ్చిన కాగితాన్ని జిరాక్సు మిషనులో పెట్టాను. ఎదురు టీ కొట్టాయన రోడ్డు దాటి వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అమ్మా, గేటు బాబాయి పొద్దున్న టీకి రానేదు. ఎల్లి తలుపు తట్టినాను. పోనాడమ్మా," అన్నాడు.

రెండు కాపీలు తీయాల్సిన చోట ఇరవై రెండు నొక్కాను. మిషను ఆగకుండా తీస్తూనే పోయింది. ఆ అమ్మాయి "చాలాంటీ, చాలు" అంటూనే ఉంది గానీ, ఆపే బటను ఎక్కడుందో నాకు గుర్తు రాలేదు. ఇన్నేళ్ళుగా అదే మిషను.

ఆయన గురించి రాసేవాళ్ళు ఇంకెవరూ లేరు కాబట్టి నేను రాస్తున్నాను. మీలో చాలామంది ఆయన్ని ఎరగరు. రాయగడలో మా దుకాణం వెనక సందులో ఒంటిగది అద్దెకు తీసుకుని ఉండేవాడు. మాకు చుట్టం కాదు. మా నాన్న ఆయన్ని తమ్ముడూ అని పిలిచేవాడు కాబట్టి నాకు బాబాయి అయ్యాడు. నాన్న పోయి, తమ్ముడు విజయనగరంలో టోకు వ్యాపారం పెట్టుకుని వెళ్ళిపోయాక, ఈ ఊళ్ళో నన్ను "అమ్మి" అని పిలిచే మనిషి ఆయనొక్కడే మిగిలాడు. నాకు నలభై ఆరేళ్ళు. ఇక ఆ పిలుపు నాకు వినబడదు.

సర్వీసంతా ఆయన కొరాపుట్ లైనులో గేట్‌మేన్‌గా చేశాడు. రెండు సొరంగాల మధ్య, కొండ వాలున, చిన్న లెవెల్ క్రాసింగు. సంతరోజు తప్ప ఆ గేటు దాటేది మేకలూ, మేకలవాళ్ళూ. ఆయన భార్య పెళ్ళైన నాలుగో ఏడాదే జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. శ్రీకాకుళం వైపు సొంత ఊరు వెళ్ళి ఇంకో పెళ్ళి చేసుకోమని అందరూ చెప్పారట. ఆయన మళ్ళీ ఆ గేటు దగ్గరికే వెళ్ళి కూర్చున్నాడు.

ఆ పనిలో ఏముంది బాబాయి, గేటు వేయడం, తీయడం అంతే కదా అని ఒకసారి అన్నాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"గేటెవుడైనా ఏస్తాడమ్మి. బండి ఎల్లినంతసేపూ నిలబడి సూడాల. గూడ్సు బండంటే యాభై పైసిలుకు పెట్టిలు. సివరి పెట్టి ఎనకాల పసుప్పచ్చ ఇంటూ గుర్తుంటాది. అది కనబడితేనే బండి మొత్తం ఒచ్చినట్టు. నేదనుకో, కొన్ని పెట్టిలు ఊడి సొరంగంలో ఉండిపోనాయన్నమాట. అప్పుడు ఎర్రజెండా."

"ఎప్పుడైనా అలా గుర్తు లేకుండా వచ్చిందా?"

"ఒక్కపాలి కూడా రానేదు."

"మరి?"

"మరేటి. ఒచ్చిన బండినల్లా సూసినాను."

రిటైరై రాయగడ వచ్చాక కూడా ఆయన చూపు మారలేదు. పెళ్ళి ఊరేగింపు పోతుంటే అందరూ పెళ్ళికొడుకుని చూస్తారు. బాబాయి మాత్రం మేళాలూ లైట్లూ అన్నీ దాటిపోయేదాకా నిలబడి, చిట్టచివర జనరేటరు బండి తోసుకొచ్చేవాణ్ణి చూసి అప్పుడు లోపలికి వచ్చేవాడు. నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు ఏ ఊరేగింపు పోయినా నేనూ చివరిదాకా నిలబడుతున్నాను, నవ్వు రావడం లేదు.

పిల్లల్ని కొండలకు తీసుకెళ్ళడం ఆయన ఎలా మొదలుపెట్టాడో కూడా చెప్పాలి. మా సందు పిల్లలు రోజూ ఎదురుగా కొండ చూస్తూ పెరుగుతారు, ఒక్కడూ ఎక్కిన పాపాన పోడు. ఒక ఆదివారం అయిదుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని, అటుకులూ బెల్లం మూటగట్టుకుని, ఎక్కించి దింపాడు. మరుసటి వారం పన్నెండుమంది వచ్చారు. రెండు నెలలకు రైల్వే క్వార్టర్ల పిల్లలూ, బజారు పిల్లలూ, కొండ ఊళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలూ కలిసి ముప్పై దాటారు. ఒరియా పిల్లలు "గేట్ మౌసా" అనేవాళ్ళు, మౌసా అంటే వాళ్ళ భాషలో బాబాయే. వాగు దాటడం, కట్టెలతో వంట, దెబ్బకు కట్టు కట్టడం, ఏ చెట్టు ఆకు దురద పెడుతుందో, దారి తప్పితే ఏం చేయాలో అన్నీ నేర్పేవాడు. దారి తప్పితే చేయాల్సింది ఒకటే, ఉన్నచోటే కూర్చోవడం. "ఎతకొద్దు, కూకో. ఎతికీవోలు మేం ఉన్నాం," అనేవాడు.

ముప్పైమంది పిల్లలకు ఒక్క మనిషి చాలడు. ముందు ఒకరు, వెనక ఒకరు తప్పనిసరి. ఆడపిల్లలు వస్తే వెనక నడిచేది ఆడమనిషే అయ్యుండాలి. ఆడపిల్లకి దారిలో ఆగాల్సిన అవసరం వస్తే మగవాడితో ఎలా చెప్పుకుంటుంది అనేవాడు. ఆడమనిషి దొరకని వారం ఆడపిల్లలు ఏడ్చినా సరే తీసుకెళ్ళేవాడు కాదు. ఆ విషయంలో ఆయన ఎవరి మాటా వినలేదు.

ఆ వెనక మనిషి కోసం ఒక ఖాకీ సంచీ కుట్టించాడు. వీపుకు తగిలించుకునేది. మందులూ, కట్టుగుడ్డలూ, తాడూ అందులోనే. బయటి వైపు తన చేత్తో పసుపు రంగు పెయింటుతో పెద్ద ఇంటూ గుర్తు వేశాడు. దారిలో ప్రతి మలుపు దగ్గరా ముందున్న మనిషి ఆగి "ఎనకాలా?" అని కేక పెడతాడు. సంచీ వేసుకున్న మనిషి తన ముందున్న పిల్లల్నీ, తన వెనక దారినీ చూసుకుని "ఆల్ రైట్!" అనాలి. అప్పుడే మళ్ళీ కదలిక. ఆ మాట రైలు గార్డులది.

మనుషులు కావాలని ఏటా దసరా వెళ్ళగానే నా దుకాణానికి ప్రకటన రాయించడానికి వచ్చేవాడు. ఆయన స్టూలు మీద కూర్చుని చెప్తుంటే నేను కంప్యూటర్లో తెలుగులో కొట్టేదాన్ని. కింద ఒరియాలో కొట్టించేవాళ్ళం. పైన పెద్దక్షరాలతో "వెనకాల నడిచే మనిషి కావలెను" అని ఉండాలి. మొదటి ఏడు దాని కింద పద్నాలుగు వరుసలు అర్హతలు చెప్పాడు. ఈత రావాలి. పాము కనబడితే కేకలు వేయకూడదు, చంపకూడదు. పిల్లలు తిన్నాకే తినాలి. చెప్పు తెగితే కుట్టడం రావాలి. కొండ మీద ఫోను తీయకూడదు. తిరిగొచ్చాక ఎవరి పిల్లని వాళ్ళ గుమ్మం దాకా దింపాలి. జీతం లేదు, టీ కూడా ఎవరిది వాళ్ళే.

"బాబాయి, ఇది పనికి మనిషి కోసమా, పెళ్ళి సంబంధానికా? ఇన్ని గుణాలున్నవాడు దొరికితే నేనే చేసుకుంటాను," అన్నాను.

"దొరికితే సెప్తానమ్మి. ముందొకపాలి కొండెక్కి దిగనీ," అన్నాడు, నవ్వకుండా.

ఆ కాగితాలు బస్టాండులో, స్టేషను బయట, గుణుపురం కాలేజీల దగ్గర, పద్మపూర్‌లో తెలిసినవాళ్ళ కొట్లలో అంటించి వచ్చేవాడు. చాలావాటిని మేకలు తినేవి. అయినా ఏడాదికి ముగ్గురో నలుగురో వచ్చేవాళ్ళు. ఆయన వాళ్ళను ఒక్క ప్రశ్న కూడా అడిగేవాడు కాదు. టీ తాగుదాం రండని బజారు వైపు తీసుకెళ్ళి, మాటల మధ్యలో చప్పుడు చేయకుండా ఆగిపోయేవాడు, అరటిపళ్ళ బండి దగ్గరో చెప్పులు కుట్టేవాడి దగ్గరో. పక్కన మనిషి లేడని ఆ వచ్చినవాడు ఎన్ని అడుగులకు గమనించి వెనక్కి తిరుగుతాడో లెక్కపెట్టేవాడు. అదీ పరీక్ష. ఆ సంగతి వాళ్ళెవరికీ తెలియదు, నాకు తప్ప.

ఒక ఏడు కొరాపుట్ వైపు ఫ్యాక్టరీ టౌన్‌షిప్ నుంచి ఒక టెక్నీషియను వచ్చాడు. హిమాలయాల దగ్గర కొండలెక్కడం నేర్చుకుని సర్టిఫికెట్టు తెచ్చుకున్న మనిషి. హెల్మెట్టూ, రంగుల తాళ్ళూ, బూట్లూ అన్నీ ఉన్నాయి. వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని అతన్ని సంపాదించింది నేనే. బాబాయి ఎప్పట్లాగే టీకి తీసుకెళ్ళి, కాసేపటికి ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఏడీ ఆయన?" అన్నాను.

"మాటాడుకుంటా బస్టాండు కాడికి ఎల్లిపోనాడమ్మి. నాను అరటిపళ్ళ బండి కాడే ఉండిపోనాను. మంచోడే. కొండలు బాగా ఎక్కుతాడు."

"మరింకేం కావాలి నీకు? సర్టిఫికెట్టు ఉందిగా!"

"ఆ సర్టిఫికెట్టు ముందుకి ఎల్లీవోడికమ్మి. నాకు కావలసినోడు వేరు."

నాకు ఒళ్ళు మండింది. "నీ రూళ్ళకి తగిన మనిషి ఈ జిల్లాలో లేడు. ఇలాగే ఒక్కడివీ ఉండిపోతావు చూడు," అన్నాను. ఆయన స్టూలు మీద కూర్చుని, ప్రకటన కాగితాలు చివరలు సమానంగా సర్దుకుంటూ ఉండిపోయాడు. నా నోరు మంచిది కాదు, చిన్నప్పటినుంచీ అంతే. ఆ మాట అన్నందుకు ఇవాళ సిగ్గుపడుతున్నాను. అనేటప్పుడు అది నిజమవుతుందని నేననుకోలేదు.

నన్ను ఎలా చేర్చుకున్నాడంటే, అదే పరీక్షతో. మూడో ఏడు ఒకరోజు మందుల షాపుకని ఇద్దరం నడుస్తున్నాం. పరీక్ష సంగతి తెలిసినా ఆ క్షణాన నాకు తట్టలేదు. ఏదో చెప్తూ పోతున్నాను. పక్కన అడుగుల చప్పుడు లేదనిపించి తిరిగి చూస్తే, గొడుగులు బాగుచేసేవాడి పక్కన నిలబడి నన్నే చూస్తున్నాడు.

"పదకొండడుగులు," అన్నాడు. "నేర్పితే ఒస్తాది."

నాలుగు శీతాకాలాలు ఆ సంచీ వేసుకుని వెనక నడిచాను. ఆదివారాలు దుకాణం మూసేసేదాన్ని. నా జీవితంలో నేను ఎవరికైనా నిజంగా పనికొచ్చాననిపించిన రోజులవి. పిల్లలందరూ నా ముందు వరుసగా, రకరకాల జడలతో, టోపీలతో పోతుంటే, వెనక గాలి, వాగు చప్పుడు. అంత ప్రశాంతంగా మళ్ళీ ఎప్పుడూ లేను.

నేను చేరిన నాలుగో ఏడు లమ్తపుట్ వైపు కొండల్లో రెండు రోజుల క్యాంపు పెట్టాం. తిరుగు దారిలో పొగమంచు. వాగు దగ్గర ఆగి నీళ్ళు పట్టుకుంటుంటే, వరుస మధ్యలో ఒక పిల్లకి రాయి గీరుకుని పాదం తెగింది. మందులు నా సంచీలో ఉన్నాయి. సంచీతో సహా ముందుకు పరుగెత్తాను. కట్టు కట్టాను. ఆ పిల్ల ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని, కబుర్లు చెప్తూ ఆమె పక్కనే నడవడం మొదలుపెట్టాను. వరుస కదిలింది. నేను ఎక్కడున్నానో నాకు స్పృహ లేదు, వీపు మీద సంచీ ఉంది కదా. మలుపు దగ్గర బాబాయి గొంతు వినిపించింది, "ఎనకాలా?" అని. నాలుగేళ్ళ అలవాటు. "ఆల్ రైట్!" అన్నాను.

వరుస మధ్యలో నిలబడి అన్నాను ఆ మాట. ఇంకో రెండు మలుపుల దగ్గర కూడా అన్నాను. ఆ మంచులో నా గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో ఆయనకు తెలియలేదు. కింద రోడ్డు మీద జీపుల దగ్గర తలలు లెక్కపెడితే ఒకటి తక్కువ. హాస్టలు పిల్ల, సుమిత్ర. పదేళ్ళది.

ఆ దారి వెనక్కి ఎలా ఎక్కానో నాకు తెలియదు. ఏ మలుపులో చూసినా మంచే. బాబాయి నాకంటే ముందు పరుగెత్తాడు, ఆ వయసులో. వాగు దగ్గర బండ మీద ఆ పిల్ల కూర్చుని ఉంది. నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద పెట్టుకుని. గంటసేపు అలాగే కూర్చుంది. ఏడవలేదు. మమ్మల్ని చూశాక ఏడ్చింది.

బాబాయి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. మర్నాడు ఆయన వస్తే సంచీ కౌంటరు మీద పెట్టి, "ఇంక నావల్ల కాదు బాబాయి," అన్నాను. ఆయన దాన్ని తీసుకోలేదు. "మా గదిలో ఎలకలు. ఇక్కడే ఉండనీ," అని, తనే తలుపు వెనక మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళగానే దాన్ని తిప్పి, గుర్తు గోడ వైపు ఉండేట్టు పెట్టాను.

తొమ్మిదేళ్ళు అలాగే వేలాడింది.

నా బదులు ఇంకో ఆడమనిషి దొరకలేదు. ఆడపిల్లల నడక ఆగిపోయింది. మగపిల్లలతో కొన్నాళ్ళు నడిచింది, పద్మపూర్ స్కూలు మాస్టారు ఒకాయన వెనక నడిచేవాడు. ఆయనకు బదిలీ అయింది. ఆ తర్వాత బాబాయి మోకాళ్ళు పోయాయి. కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరు ముందూ వెనకా నడిస్తే, ఆయన కొండ కింద కల్వర్టు మీద నిలబడి పంపించేవాడు. చేతిలో పాత పచ్చజెండా, అంచులు చీలికలైపోయింది. వరుస చివర సంచీ లేదు కదా, ఆ చివరి కుర్రాడి చొక్కా వీపుకి పసుపు గుడ్డ పిన్నీసుతో గుచ్చేవాడు. అది చెట్లలో కనబడకుండా పోయేదాకా జెండా దించేవాడు కాదు. వాళ్ళు సాయంత్రం దిగేదాకా అక్కడే. ఆ కుర్రాళ్ళకూ ఉద్యోగాలొచ్చాయి. కిందటేడు ఎవరూ లేరు. ఒక ఆదివారం నేను ఆటోలో అటు పోతుంటే, కల్వర్టు మీద ఆయనొక్కడే కూర్చుని ఉన్నాడు. కొండ మీద ఎవరూ లేరు. ఆటో ఆపమని అనాలనుకున్నాను. అనలేదు.

అయినా ఏటా దసరా వెళ్ళగానే వచ్చేవాడు. నేను పాత ఫైలు తెరిచేదాన్ని. "ఈత రావాలన్నది తీసీయమ్మి," అనేవాడు. ఇంకో ఏడు, "సెప్పులు కుట్టీది తీసీ, ఇప్పుడెవులికీ రాదు." అలా ఒక్కో వరుసా తీసేస్తూ వచ్చాడు. పద్నాలుగు ఆరయ్యాయి, ఆరు మూడయ్యాయి. కిందటేడు పైన పెద్దక్షరాలు, కింద ఒక్కటే వరుస: "ఆడమనిషి అయితే ఆడపిల్లలు కూడా రాగలరు." అది నాకోసమే ఉంచాడని తెలుసు. తెలిసీ ప్రింటు తీసి ఇచ్చాను. ఎప్పుడైనా "అమ్మి, ఆ వేళ వాగు కాడ..." అని మొదలుపెడితే, "ఆ మాట ఎత్తకు బాబాయి," అనేసేదాన్ని. ఎత్తడం మానేశాడు. తిడతాడని భయం కాదు నాది, ఓదారుస్తాడని.

చివరిసారి ఆయనతో నడిచింది ఈ వానల్లో. మోకాళ్ళు చూపించడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. తిరిగొస్తుంటే తమ్ముడు ఫోను చేశాడు. మాట్లాడుతూ నడిచాను. ఫోను పెట్టేసి చూస్తే పక్కన బాబాయి లేడు. సందు మొదట్లో, గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు, వానలో. ఈసారి ఆయన కావాలని ఆగలేదు, నడవలేక ఆగాడు. నేను పరుగెత్తుకుంటూ వెళ్తే నవ్వాడు.

"ముప్పై నాలుగడుగులమ్మి. బాగా తగ్గిపోనావు."

"పిలవకపోయావా?"

"పిలిస్తే ఇంకేటి, ఎవుడైనా తిరుగుతాడు."

అదే మాట రోజూ నా చెవిలో ఉంటోంది.

శ్రీకాకుళం వైపు నుంచి అన్న కొడుకు వచ్చి కార్యక్రమం జరిపించాడు. మంచివాడే, ఏడ్చాడు కూడా. కట్టెల మీద పడుకోబెట్టాక ఏదైనా గుడ్డ ఉంటే తల కింద పెట్టమని ఎవరో అన్నారు. గదిలోంచి తెచ్చిన మూటలో ఆ పచ్చజెండా మడత దొరికింది. అదే పెట్టారు. అదేమిటో వాళ్ళకు తెలియదు, నేను చెప్పలేదు. చెప్పినా ఏం చేస్తారు. శ్మశానానికి వచ్చినవాళ్ళం తొమ్మిదిమందిమి. వెనక్కి వస్తూ, ఎందుకో, అందరికంటే వెనక నడిచాను.

వారం తర్వాత దుకాణానికి ఒక అమ్మాయి వచ్చింది. జిరాక్సుకేమో అనుకుని చెయ్యి చాపాను. ఆమె సంచీలోంచి కిందటేటి ప్రకటన తీసి కౌంటరు మీద పెట్టింది, నాలుగు మడతలు పెట్టినది.

"నన్ను గుర్తుపట్టనేదేటి పిన్నీ? నాను సుమిత్రని."

గుర్తుపట్టాను. పట్టగానే చూపు దించుకున్నాను. గుణుపురంలో నర్సింగు చదువుతోందట. గేట్ మౌసా బతికుండగానే, ఎండాకాలం సెలవుల్లో ఆయన దగ్గరికి వచ్చి ముందు నడుస్తానని అడిగిందట. ఆయన టీకి తీసుకెళ్ళాడట.

"ఎన్ని అడుగులు?" అన్నాను, అప్రయత్నంగా.

"మూడు. ఆ వాగు కాడ కూకున్న కాడనుంచి నాకు అలవాటు, ఎనకాల ఎవులున్నారో సూసుకోడం." నవ్వింది. "ముందు నడవడానికి నువ్వు సాలు, ఎనకాల మనిషి దొరికితే బయల్దేరండన్నాడు మౌసా. ఆ మనిషి ఎవులో కూడా సెప్పినాడు."

ఆమె నా మొహం చూసి నెమ్మదిగా అంది.

"పిన్నీ, ఆ వేళ తప్పు నీదననేదు మౌసా. ఎన్నోపాలు సెప్పినాడు. 'ముప్పయ్యేళ్ళు ఒచ్చిన బండినల్లా కళ్ళతో సూసినాను. ఆ వేళ గొంతు ఇని ఊరుకున్నాను, తిరిగి సూడనేదు. తప్పు నాది. ఆ మాట అమ్మితో సెప్దామంటే ఎత్తనివ్వదు,' అనీవోడు."

కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆయన కూర్చునే స్టూలే అది. తొమ్మిదేళ్ళు ఆ మాట గుండెల్లో పెట్టుకుని, నెలకు పదిసార్లు నా గుమ్మం తొక్కాడు. ఆయన నన్ను ఓదార్చబోతున్నాడని నోరు మూయించాను. ఆయనకు కావలసింది తన మాట వినే మనిషి అని నాకు తట్టనే లేదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, ఒకే బరువు చెరోవైపు దాచుకున్నాం. ఆ పిల్ల ముందు ఏడ్చాను. ఆమె కౌంటరు ఇవతలికి వచ్చి, నర్సులు నిలబడినట్టు పక్కన ఊరికే నిలబడింది.

ఆమె వెళ్ళాక కంప్యూటర్లో ఫైలు తెరిచాను. పైన పెద్దక్షరాలు, కింద ఒక్క వరుస. ఏటా ఆయన చెప్తే తీసేదాన్ని, ఈసారి చెప్పే మనిషి లేడు. ఆ పెద్దక్షరాలు తీసేశాను. ఆ ఒక్క వరుస కూడా మార్చి, "ఈ ఆదివారం నుంచి ఆడపిల్లలు కూడా రాగలరు" అని కొట్టాను. ఇరవై రెండు కాపీలు తీశాను, ఈసారి తెలిసే.

మొన్న ఆదివారం వెళ్ళాం. పదిహేడుమంది పిల్లలు, అందులో పదకొండుమంది ఆడపిల్లలు. ముందు సుమిత్ర. తలుపు వెనక మేకు మీంచి సంచీ తీస్తే, గోడ మీద దాని ఆకారంలో సున్నం తెల్లగా మిగిలి ఉంది. పెయింటు అక్కడక్కడా పగిలింది గానీ పసుపు పోలేదు. వీపుకి తగిలించుకుంటే పట్టీలు నాకు సరిపోయాయి. తొమ్మిదేళ్ళలో నేను లావయ్యాను కదా, మరి ఎలా సరిపోయాయో. కుట్లు చూస్తే ఎవరో వదులు చేసి కుట్టి ఉంచారు, పాత రైల్వే ఖాకీ దారంతో. ఎప్పుడు కుట్టాడో తెలియదు. నేను దుకాణంలో లేనప్పుడు ఎప్పుడో.

కల్వర్టు దాటి కొండ దారి ఎక్కాం. పది అడుగులకొకసారి వెనక్కి చూస్తూనే ఉన్నాను. కల్వర్టు మీద ఎవరూ లేరు. గట్టు మీద ఆయన కూర్చునేచోట గడ్డి పెరిగింది. ఈ గుర్తు వేసుకున్న మనిషికి అది తన కంటికి కనబడదు. వెనకాల ఆగిపోయినవాళ్ళకే కనబడుతుంది. ఇన్నేళ్ళూ అది ఎవరికి కనబడాలో ఆ మనిషి అక్కడే నిలబడి ఉన్నాడు, నేనే వేసుకోలేదు.

మొదటి మలుపులో వరుస ఆగింది. పైనుంచి సుమిత్ర కేక వేసింది, "ఎనకాలా?" అని.

ముందున్న తలలు లెక్కపెట్టాను, పదిహేడు. తర్వాత వెనక్కి తిరిగి దారంతా చూశాను, కల్వర్టు దాకా. అక్కడ ఇంకాసేపు చూస్తూ నిలబడ్డాను. పిల్లలు కదలకుండా నాకోసం ఆగారు.

"ఆల్ రైట్," అన్నాను.

వరుస కదిలింది. వాళ్ళ వెనక నేను నడిచాను. నా వీపు మీది పసుపు గుర్తు, చెట్లు అడ్డం వచ్చేదాకా, ఆ ఖాళీ కల్వర్టు మీదినుంచి కనబడుతూనే ఉండి ఉంటుంది.